ఆవ్కాలో ఒక పుస్తకం, మా ఇంట్లో ఒక అటక

మేం నైజీరియాలో ఉన్న రోజుల్లో నాన్న ఉత్తరాల్లో తరచూ ఒక ఏనుగు కనపడేది. కవరు మీద ఇంగ్లీషు అడ్రసు పొల్లు పోకుండా రాసేవారు గానీ, లోపల తెలుగులోకి వచ్చేసరికి "ఏనుగు నుంచి మీ ఊరు ఎన్ని మైళ్ళు? ఏనుగులో బియ్యం దొరుకుతున్నాయా?" అని అడిగేవారు. ఎనుగు అంటే మేమున్న అనాంబ్రా రాష్ట్రానికి అప్పటి రాజధాని, బొగ్గు గనుల ఊరు. ఇగ్బో భాషలో ఆ పేరుకి కొండ మీద అని అర్థం. నేను రెండు మూడుసార్లు సరిచేసి రాశాను. నాన్న కరణం. ఒకసారి కాగితం మీద పెట్టిన పేరు మార్చడం ఆయన వల్ల కాలేదు.

మాది ఏలూరు దగ్గర, పెదవేగి పక్కన చిన్న ఊరు. మా వారికి ఫిజిక్స్, నాకు లెక్కలు. 1981లో ఇద్దరం కాంట్రాక్టు మీద నైజీరియా వెళ్ళాం. అప్పట్లో పెట్రోలు డబ్బుతో ఆ దేశం ఊరూరా హైస్కూళ్ళు తెరుస్తోంది. వాటికి సైన్సు టీచర్లు చాలలేదు. మనవాళ్ళు బోలెడుమంది వెళ్ళారు. లేగోస్‌లో దిగి, బెనిన్ సిటీ మీదుగా రోజంతా ప్రయాణం చేసి, అసాబా దగ్గర నైజర్ నది వంతెన దాటితే ఒనిచా. అక్కణ్ణుంచి ఎనుగు వెళ్ళే దారిలో ఆవ్కా. రాసేది ఆవ్కా, పలికేది దాదాపు ఓకా. ఎర్రమట్టి, రేకుల కప్పులు, డిసెంబరు వస్తే సహారా నుంచి కొట్టుకొచ్చే హర్మట్టాన్ దుమ్ము. ఇంట్లో ఆరేసిన బట్టలు కూడా పిండి చల్లినట్టుండేవి.

మా ఇంటి ఓనరుకి డెబ్బై దాటాయి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో జిల్లా ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. అందరూ "పాపా" అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. నాకు మాత్రం ఆయన్ని చూస్తే నాన్న గుర్తొచ్చేవారు. చెవి వెనక పెన్సిలు, కళ్ళద్దాలకి దారం, ఏ కాగితం దొరికినా మడత విప్పి చదవందే వదలకపోవడం. ఇంటికి ఎవరొచ్చినా ముందు పళ్ళెంలో కోలా గింజ పెట్టి, నాలుగు మాటలు దీవెనగా చెప్పి, విరిచి పంచేవాడు. తాంబూలం లాంటిదే అనుకుని మొదటిసారి నోట్లో వేసుకున్నాను. అంత చేదు నేను పుట్టి ఎరగను. నా మొహం చూసి వాళ్ళ ఇంటావిడ చాలాసేపు నవ్వింది.

ఆవిడ పొద్దున్నే అకారా వేసేది. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నూనెలో వేసే గారెలు. అచ్చం మన బొబ్బర్ల గారెలే. కాకపోతే నూనె కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉండేది. పామాయిల్. మన రేషను షాపుల్లో అప్పట్లో ఇచ్చిన పామాయిల్‌కి రంగూ వాసనా తీసేసేవారు కదా, అసలుది ఎలా ఉంటుందో అక్కడే చూశాను. ఇళ్ళ వెనక, రోడ్ల పక్క, అడవిలో, ఎక్కడ చూసినా ఆ చెట్లే. ఆ నూనె వెనక అంత కథ ఉందని అప్పటికి నాకు తెలియదు.

1983 అక్టోబరు 26న కెన్నెత్ డికే పోయారు. ఎనుగులోనే. ఆ వార్త విన్నాక పాపా రేడియో ఆపేసి, వరండాలో కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. మా వారు పలకరించడానికి వెళ్ళి, "ఆ టెక్నాలజీ యూనివర్సిటీ పెద్దాయనేనా? మీకు తెలిసిన ఇంజనీరా?" అని అడిగారు. అడగడంలో తప్పు లేదు. అనాంబ్రా రాష్ట్రం 1980లో పెట్టిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి డికే మొదటి అధిపతి. మేం ఆ బోర్డు చూశాం, పేపర్లో పేరు చూశాం, ఇంజనీరే అయ్యుంటాడని మాకు మేమే తేల్చుకున్నాం.

పాపా కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట మీద గుడ్డ చిరిగిపోయి ఉంది. "ట్రేడ్ అండ్ పాలిటిక్స్ ఇన్ ద నైజర్ డెల్టా, 1830-1885". రాసింది డికే. ఆయన ఇంజనీరు కాదు, చరిత్రకారుడు. లోపలి పేజీలో నీలి సిరాతో ఒక కుర్రవాడి పేరు, దాని కింద ఇబాదాన్, 1964. పాపా పెద్దకొడుకు. ఇబాదాన్‌లో హిస్టరీ చదివాడు. తూర్పు నైజీరియా ఇగ్బోలు బయాఫ్రా పేరుతో వేరే దేశంగా విడిపోయినప్పుడు వచ్చిన యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. 1968 మొదట్లో నైజీరియా సైన్యం ఎనుగు నుంచి ఒనిచా వైపు ఈ రోడ్డు మీదే వచ్చినప్పుడు ఆవ్కా జనం పల్లెలకు పారిపోయారట. పాపా వాళ్ళు తీసుకెళ్ళిన మూటల్లో ఈ పుస్తకం ఒకటి. "చదివి ఇవ్వండి మేడమ్" అన్నాడు. చేయి తుడుచుకుని తీసుకున్నాను.

నేను లెక్కల టీచర్ని. చరిత్ర అంటే నాకు పానిపట్టు యుద్ధాల తేదీలు, అంతే. ఆ పుస్తకం చదవడానికి రెండు నెలలు పట్టింది. అర్థం కానిచోటల్లా పాపాని అడిగేదాన్ని. ఆయనకి పుస్తకంలో ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పడం అలవాటు.

కథ ఇది. బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది. నైజర్ డెల్టాలో అది ఒక్కరోజులో ఆగిపోలేదు గానీ, మెల్లగా పామాయిల్ వ్యాపారం దాన్ని మించిపోయింది. ఇంగ్లండులో ఫ్యాక్టరీ యంత్రాలకు కందెన కావాలి, సబ్బులకు, కొవ్వొత్తులకు నూనె కావాలి. మనుషుల్ని మోసుకెళ్ళిన లివర్‌పూల్ వర్తకులే ఇప్పుడు పీపాలు మోసుకెళ్ళారు. బోనీ, కలబారీ, బ్రాస్ లాంటి రేవు రాజ్యాలు ఈ నూనె మీద బతికాయి. మొన్నమొన్నటి దాకా తెల్లవాళ్ళు రాసిన చరిత్రలో ఈ రేవుల వాళ్ళు ఎక్కడో మూల నిలబడి ఉంటారు. డికే పుస్తకంలో మాత్రం వ్యాపారం నడిపేది వాళ్ళే. తెల్ల వర్తకులు నది ముఖద్వారంలో పాత ఓడలకు లంగరు వేసి, వాటి మీదే కాపురం ఉండి, నూనె ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చోవాలి. రేవు రాజుకి సుంకం కట్టాలి. సరుకు ముందుగా అరువిచ్చి, నూనె కోసం నెలల తరబడి ఆగాలి. ఆ అరువునే అక్కడ ట్రస్ట్ అనేవారు. లోపలి ఊళ్ళకి వెళ్ళి నేరుగా కొందామంటే దారి వదిలేవాళ్ళు కాదు. మన వైపు పొగాకు రైతుకి ముందుగా పెట్టుబడి ఇచ్చి పంటను కట్టేసుకునే షావుకారుని చూసినదాన్ని కాబట్టి, ఆ అరువు లెక్క నాకు వెంటనే ఎక్కింది.

ఇందులో నన్ను పట్టేసింది "ఇల్లు" అనే ఏర్పాటు. అక్కడ ఇల్లంటే కుటుంబం ఒక్కటే కాదు. ఒక వ్యాపార సంస్థ, దానికి సొంత యుద్ధపు పడవ, దాన్ని నడపడానికి మనుషులు. కొనితెచ్చిన బానిసలు కూడా ఆ ఇంటి మనుషులే. వాళ్ళలో తెలివైనవాడు పైకొచ్చి ఆ ఇంటికే పెద్ద కావచ్చు. జాజా అలా అయినవాడే. ఇగ్బో దేశంలో పుట్టి, చిన్నతనంలోనే అమ్ముడుపోయి, బోనీలో ఒక పెద్ద ఇంటికి అధిపతి అయ్యాడు. 1869లో ఎదుటి ఇంటితో పోరాటం వచ్చాక, తన మనుషుల్ని తీసుకుని వెళ్ళి ఒపోబో అనే కొత్త పట్టణం కట్టి రాజయ్యాడు. ఎక్కడ కట్టాడు? లోపలి నుంచి నూనె వచ్చే దారికి సరిగ్గా అడ్డంగా. బోనీ వ్యాపారం ఎండిపోయింది.

డికే పుస్తకం 1885 దగ్గర ఆగుతుంది. మిగతాది పాపా చెప్పాడు, మా తాత బొబ్బిలి కథ చెప్పినట్టు, చేతులు ఊపుతూ. 1887లో బ్రిటిష్ అధికారి జాన్‌స్టన్ మాట్లాడుకుందాం రమ్మని జాజాని ఓడ మీదికి పిలిచాడు, వచ్చినవాణ్ణి తిరిగి పోనివ్వలేదు. వెస్టిండీస్‌కి పంపేశారు. చివరికి ఇంటికి పోవడానికి ఒప్పుకున్నారు గానీ, 1891లో దారిలోనే, టెనరీఫ్ దీవిలో పోయాడు. "ఓడ మీదికి వెళ్ళకుండా ఉండాల్సింది" అన్నాడు పాపా, నిన్న జరిగినట్టు.

డికే పుట్టింది మేమున్న ఆవ్కాలోనే, 1917 డిసెంబరులో. ఆవ్కా కమ్మరులకు పేరున్న ఊరు. వాళ్ళు కొలిమి సామాను భుజాన వేసుకుని ఎక్కడెక్కడో తిరిగి పని చేసి వచ్చేవాళ్ళు. డికే తిరుగుడు అంతకు మించింది. ఒనిచాలో హైస్కూలు, గోల్డ్‌కోస్ట్‌లో అంటే ఇప్పటి ఘనాలో అచిమోటా కాలేజీ, సియెర్రాలియోన్‌లో ఫూరాబే కాలేజీ, తర్వాత స్కాట్లండులో అబర్డీన్, చివరికి లండన్ కింగ్స్ కాలేజీ. 1950లో డాక్టరేట్. ఆ పరిశోధనే 1956లో పుస్తకంగా వచ్చింది. ఆఫ్రికా చరిత్ర మీద ఆధునిక పద్ధతిలో పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్న ఆఫ్రికన్లలో ఆయన మొట్టమొదటి వరసలో ఉంటాడు. లండన్ దస్తావేజులు వాడుకున్నాడు. దాంతోపాటు డెల్టా ఊళ్ళలో తరతరాలుగా నోటి మాటగా నిలిచిన కథలనూ సాక్ష్యంగా తీసుకున్నాడు. అప్పటికి యూనివర్సిటీల వాళ్ళు దాన్ని చరిత్ర అనేవారు కాదు, పుక్కిటి పురాణం అనేవారు. 1963లో కూడా ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ట్రెవర్-రోపర్, ఆఫ్రికాకి చెప్పుకోవడానికి చరిత్ర లేదు, అక్కడ యూరోపియన్లు చేసినదే చరిత్ర, మిగతా అంతా చీకటి అన్న ధోరణిలో మాట్లాడాడు. అప్పటికి డికే పుస్తకం వచ్చి ఏడేళ్ళయింది. పెద్ద చదువు చదివినవాళ్ళు పక్క గదిలో ఉన్న పుస్తకం తెరవరు, అదో జబ్బు.

పాపాకి మాత్రం ఈ గొప్పలన్నిటికన్నా ఒకే ఒక్క పని ముఖ్యం. కాగితాలు. 1951 నుంచి డికే ప్రభుత్వం తరఫున నైజీరియా అంతా తిరిగి, జిల్లా ఆఫీసుల్లో పాత దస్తాలు ఏ స్థితిలో ఉన్నాయో చూశాడు. ఆ స్థితి ఎలాంటిదో పాపాకి చెప్పనక్కర్లేదు, ఆయన బతుకంతా వాటి మధ్యే గడిచింది. చీకటి కొట్లు, కారే కప్పులు, చెదలు. "కట్ట విప్పితే మధ్యలో కాగితం ఉండేది కాదు మేడమ్. అంచులు ఉండేవి, దారం ఉండేది. మధ్యలో మట్టి." చోటు చాలక అప్పుడప్పుడు కొన్ని తగలబెట్టమని చెప్పేవారట. తగలబెట్టినవాళ్ళలో తనూ ఉన్నానన్నాడు. డికే తమ ఆఫీసుకి వచ్చాడో లేదో ఆయనకి గుర్తులేదు. కానీ 1954లో రికార్డు ఆఫీసు ఏర్పడింది, 1957లో చట్టం వచ్చింది, ఇబాదాన్ యూనివర్సిటీ ఆవరణలో జాతీయ ఆర్కైవ్స్ లేచింది. తర్వాత ఎనుగులో, కడునాలో శాఖలు. తను తగలబెట్టకుండా మిగిలినవి ఎనుగులో ఉన్నాయని పాపా నమ్మకం.

ఇబాదాన్ అప్పుడు లండన్ యూనివర్సిటీ కింద కాలేజీ. అక్కడ హిస్టరీ చదివే నైజీరియా కుర్రవాళ్ళు ఎక్కువగా యూరప్ గురించే పరీక్ష రాసేవాళ్ళు. డికే దాన్ని మార్చాడు. 1955లో నైజీరియా చరిత్ర సంఘం, మరుసటి ఏడు దాని పత్రిక. బెనిన్ రాజ్యం చరిత్ర కోసం పురావస్తువులూ, కళలూ, నోటి కథలూ కలిపి చూసే పథకం. 1960లో ఇబాదాన్ కాలేజీకి మొదటి నైజీరియన్ ప్రిన్సిపాల్ అయ్యాడు, అది పూర్తి యూనివర్సిటీ అయ్యాక మొదటి వైస్ ఛాన్సలర్. అజాయీ, అఫిగ్బో లాంటి చరిత్రకారులు ఆ వాతావరణంలోంచే వచ్చారు. ఆ పరిశోధనలు ఇబాదాన్ చరిత్ర గ్రంథమాలగా అచ్చయ్యాయి. ఇవాళ ఇబాదాన్ లైబ్రరీకి ఆయన పేరే.

1966 వచ్చేసరికి అంతా తలకిందులైంది. రెండు సైనిక కుట్రలు, ఉత్తరాన ఇగ్బోల ఊచకోత. ఆ ఏడాది చివర డికే ఇబాదాన్ వదిలి తూర్పుకి వచ్చేశాడు. బయాఫ్రా తరఫున దేశదేశాలు తిరిగాడు. యుద్ధంలో ఓడిపోయాక హార్వర్డ్‌లో కొన్నేళ్ళు పాఠం చెప్పాడు. అఖండ నైజీరియాకి కాగితాల ఇల్లు కట్టిన మనిషి, ఆ నైజీరియాని వదిలి విడిపోయిన దేశం తరఫున వాదించాల్సి వచ్చింది. ఆ ముడి గురించి పాపాని అడగాలనుకున్నాను. నీలి సిరా పేరు చూసి ఊరుకున్నాను. అంత పేరున్నాయన 1970ల చివర తిరిగొచ్చి, సొంత రాష్ట్రంలో ఇటుకా సిమెంటూ లెక్కలతో సాంకేతిక యూనివర్సిటీ ఎందుకు నెత్తిన వేసుకున్నాడో మాత్రం పాపా చెప్పాడు. "ఇల్లు కాలిన వాడికి ముందు వడ్రంగి కావాలి."

ఆ డిసెంబరు 31న మళ్ళీ సైనిక కుట్ర. పొద్దున రేడియో పెడితే బ్యాండు సంగీతం. అప్పటికే మాకు జీతాలు వచ్చి నెలలైంది, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఫిబ్రవరిలో నాన్న ఉత్తరం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కరణాల వ్యవస్థ రద్దు చేశారని, సర్కారు లెక్కలన్నీ అప్పజెప్పి సంతకం తీసుకున్నానని, ఇక నిశ్చింత అని రాశారు. కింద అమ్మ చేతిరాతతో రెండు వాక్యాలు. "అటక మీద మీ తాతల నాటి కవిలె కట్టలకి చెద పట్టి దూలాల దాకా వచ్చింది. అన్నీ దింపించి తమ్మిలేట్లో కలిపేశాం."

పాపా ఇంటి నుంచి ఏం కబురన్నాడు. చెప్పాను. కవిలె అంటే ఏమిటో చెప్పడానికి కాసేపు పట్టింది. ఊళ్ళో ఏ చేను ఎవరిది, ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చారు, ఏ ఏడు వరద, ఏ ఏడు కరువు, శిస్తు ఎంత, అన్నీ కరణం ఇంట్లో తరతరాలుగా దాచే లెక్కలని చెప్పాను. కొన్ని తాటాకు మీద కూడా ఉండేవని చెప్పాను.

"ఎన్నేళ్ళ పాతవి?" అన్నాడు.

నాకు తెలియదు. మా తాత అటక ఎక్కనిచ్చేవాడు కాదు. పెద్దయ్యాక నాకు ఎక్కాలనిపించలేదు.

పాపా ఇంకేం అడగలేదు. కోలా పళ్ళెం నా వైపు జరిపాడు. ఆ రోజు చేదు అనిపించలేదు.

తర్వాతెప్పుడో తెలిసింది, మన దగ్గరా ఈ పని చేసినవాళ్ళు ఉన్నారని. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మా ఏలూరు వాళ్ళేనట. వాళ్ళూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించారు, డికే పుట్టడానికి వందేళ్ళ ముందే. మా ఊరికి ఎవరైనా వచ్చారా? వచ్చి ఉంటే మా ముత్తాత తండ్రి కవిలె విప్పి చూపించాడా? అడగడానికి ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు.

1985లో తిరిగొచ్చేశాం. వచ్చే ముందు ఒనిచా సంతలో బేరమాడి ఒక క్యాసెట్ రికార్డరు కొన్నాను. పుస్తకం పాపాకి ఇచ్చేశాను. ఇవ్వబుద్ధి కాలేదు గానీ ఇచ్చేశాను. ఆ ఎండాకాలం మా ఊళ్ళో, వేపచెట్టు కింద మంచం మీద నాన్నని కూర్చోబెట్టి, కట్టల్లో ఏముండేదో గుర్తున్నంత చెప్పమన్నాను. మొదట సిగ్గుపడ్డారు. తర్వాత ఆపడం కష్టమైంది. రెండు క్యాసెట్లు నిండాయి.

ఇప్పుడు మా తమ్ముడి పొలంలో ఆయిల్‌పామ్. మా పెదవేగి చుట్టుపక్కల ఎటు చూసినా అవే, అచ్చం ఆవ్కాలో చూసిన చెట్లే. ఒకప్పటి వేంగి రాజధాని దిబ్బ పక్కనే పశ్చిమాఫ్రికా చెట్టు. మొన్న గెలలు కోయిస్తుంటే వెళ్ళాను. పండిన గెల చేతిలోకి తీసుకుంటే వేళ్ళకి ఆ ఎరుపే అంటింది. ఇంటికొచ్చి పాత పెట్టె వెతికితే రెండో క్యాసెట్ దొరికింది. ఏలూరులో ఒక రిపేరు కుర్రాడు దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

నాన్న గొంతు బాగానే వచ్చింది. వెనక కాకులు, అమ్మ ఎవరినో కేకేయడం కూడా వినపడుతోంది. చెరువు కింద చేలు ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పుకొస్తున్నారు. దిబ్బ పక్క చేను దగ్గరికి వచ్చారు. "ఇప్పుడు వాళ్ళు తింటున్నారు గానీ, ఆ చేను అసలు ఎవరిదంటే..." అన్నంత వరకే ఉంది. ఆ తర్వాత మా అబ్బాయి, ఎనిమిదేళ్ళ గొంతుతో, సినిమా పాట అందుకున్నాడు. చరణం కూడా వదల్లేదు.